పడవ బొంత

మా నాన్న పడవ గురించి నేను చాలా సభల్లో చెప్పాను. రేవు పడవలో మా పిల్లల్ని ముక్కు దగ్గర వానలో నిలబెట్టేవాళ్ళని, అది చూడలేక మా నాన్న పాత పడవొకటి కొని మాలపల్లె పిల్లల్ని తనే ఏరు దాటించాడని చెబితే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. సభ అయ్యాక కుర్రాళ్ళు వచ్చి చేతులు పట్టుకునేవాళ్ళు. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ ఆ పడవ మీద కప్పిన గుడ్డ గురించి మాత్రం ఎక్కడా నోరిప్పలేదు. గుడ్డ గురించి చెప్పాలంటే నా గురించి కూడా చెప్పాలి. అందుకని దాచాను. ఇప్పుడు రాస్తున్నాను.

మాది గోదారి లంక. కోనసీమ అనగానే అందరికీ కొబ్బరితోటలు గుర్తొస్తాయి. ఆ తోటలు ఏటిగట్టుకి అవతల. మేం ఇవతల, ఏటి మధ్యలో. గట్టు వేసింది ఊళ్ళని కాపాడటానికి, లంకల్ని కాపాడటానికి కాదు. వరదొస్తే ఒక ఏడు చేను ఇసక మేట వేస్తుంది, ఒక ఏడు చేనే కోసుకుపోతుంది. లంకలో కూడా మెరక మీద ఊరు, పల్లంలో మాలపల్లె, ఇంకా పల్లంలో మాదిగగూడెం. నీళ్ళు ముందు గూడెం గుమ్మాలు ఎక్కి, తర్వాత మా గుమ్మాలు ఎక్కి, ఆఖర్న ఊళ్ళోకి వెళ్ళేవి. కులం ఎక్కడ ఎవర్ని పెట్టిందో గోదారికి మాకంటే బాగా తెలుసు.

హైస్కూలు గట్టు మీద ఊళ్ళో ఉండేది. రేవుని పంచాయతీ ఏటా వేలం వేసేది. పాట పాడుకున్న ఆసామి పడవకి నడిమిన తాటాకు గూడు. గూడు కింద ఎవరు కూచోవాలో బోర్డేమీ రాసి పెట్టలేదు. అక్కర్లేదు కూడా. వాన మొదలైతే ఊళ్ళో పిల్లలు గూడు కిందకి దూరేవాళ్ళు, మేం పుస్తకాలు పొట్టకి అదుముకుని ముక్కు దగ్గర నిలబడేవాళ్ళం. బళ్ళోకెళ్తే మాస్టారు నా నోటుబుక్కు రెండు వేళ్ళతో ఎత్తి "దీన్నేమన్నా గేదె నమిలిందిట్రా?" అనేవారు. క్లాసంతా నవ్వేది.

మా నాన్న ఒకరోజు పాటదారు దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకాల ఉన్నాను. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని ఇలా అడిగాడు:

"మా పిల్లలకి గూడు కింద కాస్త జాగా ఇప్పించండి బాబూ. నడిమి జాగా అక్కర్లేదండి. తడవకుంటే చాలు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

ఆయన ఇవ్వలేదు. 1980లో నాన్న అప్పు చేసి పాత చెక్క పడవ కొన్నాడు. మూడు బారల పొడుగు, నడిమిన మూడు మూరల వెడల్పు. గడ్డిమోపులూ కొబ్బరికాయలూ వేసుకోడానికని కొన్నాడు. పొద్దున్నే మమ్మల్ని ఎక్కించుకుని గట్టుకి చేర్చేవాడు. పాటదారు మనిషొచ్చి "రేవులో నువ్వు జనాన్నెక్కిస్తే కేసు పెడతాం" అన్నాడు. నాన్న నెమ్మదిగా "డబ్బులు తీసుకుంటే కదండీ కేసు. గడ్డిమోపుల్తో పాటు ఆళ్ళూ వస్తున్నారనుకోండి" అన్నాడు. కేసు రాలేదు.

పడవ వచ్చింది గానీ దాని మీద గూడు లేదు. చెక్క పడవకి ఎండా పడదు, వానా పడదు. ఎండలో వదిలేస్తే పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయి. వానలో వదిలేస్తే తెల్లారేసరికి అడుగున మూరెడు నీళ్ళు. నాన్న సందుల్లో దూది కుక్కి, నూనెలో గుగ్గిలం కాచి పూసేవాడు. మళ్ళీ ఎండలకి అదే కథ. తార్పాలిను కొనాలంటే మాకున్న అప్పు మీద ఇంకో అప్పు చెయ్యాలి. అప్పుడు మా అమ్మ "నేను కుడతాను" అంది.

మా అమ్మకి బొంతలు కుట్టడం తెలుసు. మాలపల్లెలో ఏ ఆడదానికి తెలీదు గనక. మాకు దుప్పట్లు ఎవడిచ్చాడు? పాత చీరలు నాలుగు పొరలు పరిచి, నడిమి నుంచి అంచులకి కుట్టుకుంటూ పోతే ముడత పడకుండా వస్తుంది. చలికాలమంతా దాని కిందే బతికాం. అమ్మకి తెలిసిన విద్య అది. పడవకీ అదే కుట్టాలనుకుంది.

1981 ఎండాకాలం సంచులు పోగేసింది. కామందు చేలో పనికెళ్ళినప్పుడు కూలి బదులు ఖాళీ యూరియా సంచులు అడిగింది. ఒకరోజు కూలికి రెండు. పద్నాలుగు సంచులకి ఏడు రోజుల ఒళ్ళు. ఆ సంచి మూతి కుట్టుకి ఒక కిటుకు ఉంది. సరైన కొస పట్టుకుని లాగితే గొలుసు ఊడినట్టు సర్రున మొత్తం ఊడొస్తుంది. తప్పు కొస లాగితే బిగుసుకుంటుంది. అమ్మ ఆ దారాన్ని కూడా చుట్టి దాచేది. సంచుల్ని ఏట్లో ఉతికేటప్పుడు చేతుల పగుళ్ళలో యూరియా మండేది. కడిగిన నీళ్ళ దగ్గరికి గొడ్లని రానిచ్చేది కాదు, తాగితే చస్తాయి. సంచుల మీద ఇంగ్లీషు అక్షరాలుండేవి. ఎనిమిదో క్లాసులోకి వెళ్తున్న నేను వాటిని కూడబలుక్కుని చదివేవాణ్ణి. "యూరియా." "యూజ్ నో హుక్స్." కొంకీలు వాడొద్దని. నా ఇంగ్లీషు మొదటి వాచకం అదే.

సంచులు కోసి పరిచి, కింద పాత చీరలూ నాన్న పంచెలూ వేసి, దబ్బనం, పురికొసతో బొంత కుట్టినట్టే బెత్తెడు బెత్తెడు దూరంలో వరసలు వరసలుగా కుట్టింది. పదిహేను రోజులు పట్టింది. వెదురుబద్దలు రెండు పడవకి అడ్డంగా నిలిపి, దాని మీద కప్పితే పల్లెలో పిల్లలందరం కేకలు పెట్టాం. దానికి "పడవ బొంత" అని పేరు పెట్టింది మేమే.

ఇక్కడే అసలు సంగతి. మా పడవలో పదకొండుమంది పిల్లలం ఎక్కేవాళ్ళం. పదిమందిమి మాలపిల్లలం. పదకొండోది మాదిగగూడెం పిల్ల, ఆరో క్లాసు. గూడెం నుంచి హైస్కూలుకి వచ్చింది ఆ ఏడు అదొక్కతే. నాన్న దాన్ని ఎక్కించుకోనన్లేదు. మా మామ్మ మాత్రం రేవులో నిలబడి "ఆ పిల్లని ఎనక కొసన కూకోబెట్టండర్రా, పిల్లల్ని తగలకుండా" అని ప్రతిరోజూ చెప్పేది. ఆ పిల్ల ఎవరూ చెప్పకముందే వెళ్ళి కొసన కూచునేది. బొంత కొసదాకా వచ్చేది కాదు.

ఆగస్టులో ఒక పొద్దున్న ఏటి నడిమిన జడివాన పట్టుకుంది. ఆ పిల్ల వంగి బొంత అంచు పట్టుకుని తన పుస్తకాల మీదకి జానెడు లాక్కుంది. నేను ఇటు లాగాను. అది మళ్ళీ లాగలేదు. దాని తెలుగు నోటు తడిసి సిరా కారి ఒళ్ళోకి నీలంగా వచ్చింది. అది నా వైపు చూడలేదు, ఏరు వైపు చూసింది.

నన్నెవరూ లాగమనలేదు. మామ్మ రేవులోనే ఉండిపోయింది. ఆ చెయ్యి నాది. రేవు పడవలో గూడు కిందకి రానివ్వని చేతులు ఎలా ఉంటాయో రెండేళ్ళు చూసినవాణ్ణి. నాకు అలాంటి చెయ్యి ఎక్కడ మొలిచిందో తెలీలేదు.

తమాషా ఏంటంటే నేను అంత గట్టిగా లాక్కున్న బొంత మమ్మల్నీ కాపాడలేదు. పావుగంటకల్లా కింద కూచున్న పదిమందిమీ తడిసిపోయాం. నడిమిన నీళ్ళు మడుగు కట్టి, ప్రతి కుట్టు దగ్గరా చుక్క చుక్క కారాయి. కింద చీర పొరలు నీళ్ళు పీల్చుకుని ఇనప ముద్దంత బరువెక్కాయి. ఇంటికొచ్చి అమ్మ ఏడ్చింది. పదిహేను రోజుల పని, ఏడు రోజుల కూలి.

నాన్న రాత్రంతా ఆలోచించి పొద్దున్నే బొంత భుజానేసుకుని గూడేనికి వెళ్ళాడు. ఆ పిల్ల తాత చెప్పులు కుట్టేవాడు. లంకంతటికీ చెప్పులు, ఎద్దుల మెడపట్టెళ్ళు, చర్నాకోలలు ఆయనే. మా నాన్న కంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. మాలపల్లెలో ముసలివాళ్ళని అందర్నీ మేం వరస పెట్టి పిలుస్తాం. ఆయన్ని మాత్రం ఎవరమూ వరస పెట్టి పిలిచేవాళ్ళం కాదు. అదేమిటని ఎవరికీ తోచలేదు.

ఆయన బొంతని తిరగేసి మరగేసి చూసి నవ్వాడు. "పని మంచిదే. సలికి కుట్టావమ్మా. నీళ్ళకి కుట్టే కుట్టు ఏరు" అన్నాడు. అమ్మకి కోపమొచ్చింది. తర్వాత ఆయన చెప్పింది విన్నాక కోపం పోయింది. బొంతకి ఎన్ని కుట్లుంటే అంత బలం. నీళ్ళ గుడ్డకి ఎన్ని కుట్లుంటే అన్ని చిల్లులు. పొడవాల్సిన చోటే పొడవాలి, మిగతా చోట దబ్బనం ఆనకూడదు.

మూడు రోజులు మా ఇంటి ముందు చింతచెట్టు కింద కూచుని కుట్టాడు. ముందు అమ్మ వేసిన వరసలన్నీ విప్పించాడు. చీరలు తీయించేశాడు. చిల్లులు పడ్డ చోట్లు వదిలేసి మంచి ముక్కలే కోయించాడు. తక్కువైన సంచుల కోసం అమ్మ మళ్ళీ మూడు రోజులు చేలోకెళ్ళింది. సంచికీ సంచికీ అతుకు దగ్గర ఒక అంచుని ఇంకో అంచులోకి మడిచి, మడతలో మడత పెట్టి, పై ముక్క కింది ముక్క మీదకి వాలేలా చూశాడు. తాటాకు ఇంటికి కప్పు నేసినట్టు. ఆరెతో చిల్లి పొడిచి, మైనం రాసిన నూలుదారానికి రెండు కొసలా రెండు సూదులు కట్టి, ఒకే చిల్లిలోంచి ఒకటి ఇటూ ఒకటి అటూ దూర్చి లాగేవాడు. ఒక పోగు తెగినా రెండో పోగు పట్టుకుని ఉంటుంది. మామూలు కుట్టు ఒకచోట తెగితే మొత్తం ఊడుతుంది, ఇది ఊడదు. అతుకుల మీద మైనమూ గుగ్గిలమూ కలిపి కాచి రుద్దించాడు. అంచు మడతలో తాడు పోయించాడు. తాళ్ళు కట్టే చోట గుడ్డ చిరక్కుండా మూలమూలకీ తోలుముక్కలు వేశాడు. వెదురుబద్దలు రెండు కాదు, అయిదు పెట్టమన్నాడు. "నీళ్ళని ఆపలేవు. ఎటు పోవాలో దారి సూపించాలి" అన్నాడు. ముందూ వెనకా కొంచెం గాలి ఆడేలా వదలమన్నాడు, లేకపోతే లోపల తేమకి పలక కుళ్ళుతుందని. ఈసారి గుడ్డ వెనక కొసదాకా వచ్చేలా కొలిచాడు. ఎందుకు కొలిచాడో నాకు అర్థమైంది. నేను అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయాను.

మా అమ్మ ఆయన ఎదురుగా కూచుని రెండు సూదుల కుట్టు నేర్చుకుంది. మాలామె మాదిగాయన దగ్గర కూచుని తోలు పట్టుకుందని పల్లెలో గొణుక్కున్నారు. మామ్మ మూడు రోజులు చింతచెట్టు వైపు రాలేదు.

మూడో రోజు సాయంత్రం నాన్న డబ్బులు తీశాడు. ఆయన తీసుకోలేదు. సూదులు తుడిచి సంచిలో పెట్టుకుంటూ అన్నాడు:

"డబ్బులొద్దు గానీ బాబూ, మా పిల్లకి ఈ గుడ్డ కింద కాస్త జాగా ఇయ్యి. నడిమి జాగా అక్కర్లేదు. తడవకుంటే చాలు."

మాటలో మాట తేడా లేదు. మా నాన్న పాటదారుని అడిగినప్పుడు ఈయన అక్కడ లేడు. విని అన్నది కాదు. తక్కువ చేసినవాళ్ళ ముందు నిలబడి అడగాల్సొస్తే మనిషికి ఆ మాటలే వస్తాయి కాబోలు. నాన్న డబ్బులు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చాలాసేపటికి "అలాగే బాబాయ్" అన్నాడు. ఆయన్ని మా ఇంట్లో వరస పెట్టి పిలవడం అదే మొదలు.

మర్నాడు నాన్న ఆ పిల్లని నడిమిన, నా పక్కన కూచోబెట్టాడు. మామ్మ రేవులో శాపనార్థాలు పెట్టింది. పదకొండుమందిలో ఇద్దరి అమ్మానాన్నలు తమ పిల్లల్ని దింపేసి మళ్ళీ రేవు పడవ ఎక్కించారు. అక్కడ వానలో నిలబడటానికి ఒప్పుకున్నారు గానీ, ఇక్కడ మాదిగపిల్ల పక్కన పొడిగా కూచోడానికి ఒప్పుకోలేదు. ఈ దేశంలో కులం ఎలా నిలబడిందో చెప్పే పుస్తకాలు తర్వాత చాలా చదివాను. ఆ ఇద్దరు పిల్లలు దిగిపోయిన పొద్దుటి కంటే ఏ పుస్తకమూ నాకు ఎక్కువ చెప్పలేదు.

ఆ గుడ్డ చినుకు కారలేదు. రెండు ఎండాకాలాలకి సంచులు పెళుసెక్కి పొట్టు రాలేవి. అమ్మ ఒక్కో సంచీ విప్పి కొత్తది వేసేది, అదే రెండు సూదుల కుట్టుతో.

1986 ఆగస్టు వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు. నేను సెలవులకి వచ్చి ఉన్నాను. లంక లంకంతా మునిగింది. నాన్న పడవ మీద మాలపల్లె వాళ్ళనీ గూడెం వాళ్ళనీ గట్టు మీదకి చేర్చాడు. గట్టు మీద తెడ్లూ గెడలూ పాతి పడవ బొంత కప్పాం. అయిదు రాత్రులు దాని కింద మా ఇల్లూ, చెప్పులు కుట్టే తాత ఇల్లూ, ఇంకో రెండిళ్ళూ ఉన్నాం. మామ్మ కూడా ఆ కిందే పడుకుంది. మంచినీళ్ళ కుండ మాత్రం విడిగా, తల దగ్గర పెట్టుకుంది. అది కూడా రాయాలి. వరదలో కలిసిపోయాం, మారిపోయాం అని రాస్తే కథ బాగుంటుంది గానీ నిజం కాదు.

నేను యూనివర్సిటీకి వెళ్ళాను. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ నెత్తుటి మీద నిలబడి మాట్లాడటం నేర్చుకున్న తరం మాది. అంబేద్కర్ని చదివాం, మనం అంతా ఒకటన్నాం. 1994లో మాదిగ దండోరా మొదలై, రిజర్వేషన్లు వర్గీకరించాలని అడిగితే నాకు కోపమొచ్చింది. "మనలో మనకి పంపకాలేంటి? శత్రువు నవ్వుతాడు. అందరం ఒకే గొడుగు కింద ఉండాలి" అని సభల్లో చెప్పాను. మా నాన్న పడవ కథ చెప్పింది కూడా ఆ సభల్లోనే.

అలాంటి సభ ఒకటి 1998లో జరిగింది. అయిపోయాక ఒకామె వచ్చింది. టీచరు ఉద్యోగం చేస్తోంది. గుర్తుపట్టడానికి నాకు నిమిషం పట్టింది.

"అన్నా, ఒకే గొడుగు అన్నావు. నాన్నగారి పడవ గురించీ చెప్పావు. గుడ్డ గురించి చెప్పలేదేం?"

నేను నవ్వబోయాను. "చిన్నతనం చెల్లీ అది" అన్నాను.

"నాకూ చిన్నతనమేగా" అంది.

ఇంకేమీ అనలేదు. బస్సుకి టైమవుతోందని వెళ్ళిపోయింది. నేను వెంటనే మారిపోయానని చెప్పను. 2000లో వర్గీకరణ చట్టం వచ్చినప్పుడు తిట్టుకున్నాను. 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు సంతోషించాను. ఆ సంతోషం రాత్రి దాకా నిలవలేదు. పడుకుంటే ఒళ్ళో నీలం సిరా కారుతున్న పిల్ల గుర్తొచ్చింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చేసుకోవచ్చని చెప్పేనాటికి నేను వాదించడం మానేసి చాలాకాలమైంది. వానలో ఒకళ్ళని వదిలేసి ఐక్యత అని పిలిస్తే, అది రేవు పాటదారు ఐక్యతే. అందులో మేమూ కొసన కూచున్నవాళ్ళమే కదా.

నాన్న లేడు. ఆ తాత అంతకుముందే పోయాడు. పడవని పగలగొట్టి పొయ్యిలో పెట్టుకున్నాం. బొంత చిరిగిపోయింది. అమ్మ మాత్రం ఒక మూల కోసి అటక మీద దాచింది. సంచిగుడ్డ అంతా పొడైపోయింది. తోలుముక్కా, దాని చుట్టూ రెండు సూదుల కుట్టూ అలాగే ఉన్నాయి. పోయిన ఏడు దాన్ని జేబులో పెట్టుకుని ఆ చెల్లి ఇంటికి వెళ్ళాను.

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని కుట్టు మీద వేలు పోనిచ్చింది. ఒకటి, రెండు, మూడు అని కుట్లు లెక్కపెట్టింది. "ఇది తాతది" అంది. తర్వాత పక్కనే కొంచెం వంకరగా ఉన్న వరస చూపించి "ఇది మీ అమ్మది" అంది.

"ఉంచుకుంటావా?" అన్నాను.

"ఇచ్చెయ్యి" అంది.

ఇచ్చేశాను. ఆవేళ చినుకులు పడుతున్నాయి. వాన తగ్గేదాకా కూచోమని కాఫీ ఇచ్చింది. కూచున్నాను.